హైదరు పిస్తోలు

ఇటీవల మేము సదుమునకు పోయినపుడు, ఒక మిద్దె యింటి వసారాలో వృద్ధ గృహస్థు ఒకరు ఎఱ్ఱని గుడ్డ విప్పి మా యెదుట ఒక పాత పిస్తోలు నుంచిరి. దాని కొయ్యపిడిమీద తరతరముల మహర్నవమి పూజల పసుపు కుంకుమలు పేరుకొని నల్లబడి యున్నవి. "దీన్ని హైదరు మా పెద్దాయన చేతికిచ్చినాడంట సామీ. మా నాయన చెప్పె, ఆయనకు వాళ్ళ నాయన చెప్పె" అని వారనిరి. ఆ మాట చెప్పుచున్నంతసేపును వారి చేయి పిస్తోలుమీదనే యుండెను.

వారు మమ్ము పిలిపించినది కేవలము చూపుటకు గాదు. పాతవస్తువుల వ్యాపారి యొకడు ఆ యింటికి రెండుమారులు వచ్చిపోయినాడు. ఉన్నదున్నట్లు ఇచ్చినచో ఒక ధర యట. ఇది హైదరుదని పెద్దమనిషి యెవరైన ఒక కాగితము వ్రాసియిచ్చినచో దానికి పదింతలట. ఇంటి కుమారునకు నీటి చిక్కు. రెండు బోరుబావులు ఎండిపోయినవి. మూడవదానికి అప్పు పుట్టుట లేదు. కావున ఆ కాగితము మేము వ్రాయవలెనని వారి కోరిక. పత్రికవారి సంతకమైనచో మఱింత మేలని ఆ వ్యాపారియే సలహా యిచ్చెనట. మా సంతకమునకు ఇంతటి వెల పలుకుట ఇదియే ప్రథమము!

మొదట మా దోషమునే యొప్పుకొందుము. అది హైదరు పిస్తోలే కావలెనని మా మనస్సు తొందరపడినది. ఆ సీమయు అట్టిదే. సదుమునకు దూరము గాని దామలచెరువు కనుమలో 1740 మే నెలలో ఆర్కాటు నవాబు దోస్తు అలీఖాను మహారాష్ట్ర సైన్యముతో పోరి కూలెను. మదనపల్లె కావల నున్న గుఱ్ఱంకొండ హైదరు బంధువుల యేలుబడిలో నుండెను. 1791లో నైజాము సేనలును కుంఫిణీ ఫిరంగులును కలిసి ఆ దుర్గమును ముట్టడించినవి. హైదరు పుట్టిన బూదికోట కుప్పమున కవతల కోలారు సీమలోనిది. 1782 డిసెంబరు 7వ తేదీన ఆతడు కన్ను మూసినది చిత్తూరు చెంతనున్న నరసింగరాయనిపేట విడిదిలో. పుట్టుకయు మరణమును మన పొరుగున జరిగిన ఆ యోధుని ఆయుధ మొకటి మన మిద్దెలలో మిగిలియుండుట అసంభవమేమి? అసంభవము గాదు. అయితే, ఉండవచ్చునను మాటకును, ఇదియే యను మాటకును నడుమ చాల దూరము గలదు. ఆ దూరమును వ్యాపారి ఒక్క సంతకముతో దాటింప జూచినాడు.

పుంగనూరు ఆవును కొనబోవు రైతు అమ్మువాని మాట వినియే సొమ్ము చెల్లించునా? ఎత్తు చూచును, కొమ్ముల వంపు చూచును, తోక నేల నంటుచున్నదో లేదో చూచును, తల్లిని చూపుమనును. ఆ జాతికి గిరాకి హెచ్చిన కొలదిని సంకరపు దూడలకును ఆ పేరే పెట్టి యమ్ముచున్నారని మన రైతు లెఱుగుదురు. పశువు విషయమున నింత జాగ్రత్త గలవారమే, పూర్వుల ఆయుధము విషయమున మాత్రము కథ వినినంతనే కన్నీరు పెట్టుకొని తల యూపుదుము. ఆయుధమునకును ఎత్తు, కొమ్ము, తోక గలవు. దానిని మాటలాడనిచ్చి, మనము వినవలెను.

ఆ పిస్తోలును వెలుతురులోనికి దెచ్చి, గృహస్థుల యనుమతితో మెత్తని పొడిగుడ్డతో కుంకుమను మాత్రము తొలగించి చూచితిమి. గొట్టము గుండ్రనిది, సుమారు జేనెడు పొడవు. దాని లోపలి వెడల్పు అంగుళములో మూడింట రెండు పాళ్ళు. చెకుముకి రాతిని పట్టుకొను ఇనుప దవడయు, రంజకము పోయు చిన్న గిన్నెయు చెక్కుచెదరక యున్నవి. మీట నొక్కగనే దవడలోని రాయి ఉక్కుపలకను రాచి నిప్పు రాల్చును. ఆ నిప్పు రంజకమున బడి, చెవిరంధ్రము గుండ గొట్టములోని మందు నంటుకొనును. నూఱేండ్లకు పైగా లోకమందలి పెక్కు సైన్యములు ఇట్టి యాయుధములను వాడినవి గనుక, చెకుముకి పిస్తోలైనంతమాత్రమున హైదరు కాలము రుజువు గాదు. పిడి యడుగున ఇత్తడి తొడుగు. గొట్టము క్రింద మందును గుండును కూరు కడ్డీ గలదు. ఆ కడ్డీ యూడి పడిపోకుండ గొట్టపు మూతికడ ఒక కీలుతో బంధింపబడి యున్నది. గుఱ్ఱముమీద దౌడుదీయు రౌతు కడ్డీని జారవిడువకుండుటకై చేసిన యుపాయమది. పదునెనిమిదవ శతాబ్దము ముగియు కాలమునకు గాని ఆంగ్లేయుల సైనిక పిస్తోళ్ళలో ఈ కీలు వ్యాప్తికి రాలేదు. మా యుత్సాహమునకు తగిలిన మొదటి దెబ్బ యిది.

రెండవ దెబ్బ ప్రక్కనున్న ఇనుపపలకమీద గానవచ్చినది. పలకపై వెనుకకాళ్ళమీద నిలిచి ముందుకాళ్ళతో కిరీటమును పట్టుకొన్న సింహము చెక్కబడియున్నది. అది కుంఫిణీవారి ముద్ర. ఇచ్చట పాఠకులు తొందరపడరాదు. కుంఫిణీ ముద్ర యున్నంతనే హైదరుది గాదనుట న్యాయము గాదు. 1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురము చెంత పుల్లలూరులో కర్నల్ బెయిలీ సైన్యము హైదరు చేతికి చిక్కినపుడు కుంఫిణీ ఆయుధములెన్నియో మైసూరువారి పాలైనవి. వానిలో నొకదానిని హైదరు తనకు మెచ్చిన పాలెగాని బంటున కిచ్చియుండవచ్చును. ఈ వాదము మాకును తోచినది; తోచుటయే గాదు, ఆ సింహమును జూచిన తరువాత క్షణకాలము దానినే పట్టుకొని వ్రేలాడితిమి. కాని ఆ కాలపు కుంఫిణీ ఆయుధములమీద సింహము లేదు. అపుడు వేసిన ముద్ర హృదయాకారపు గీతలో కుంఫిణీ పేరిటి అక్షరములు, దానిపై ఆంగ్లపు నాలుగంకె వంటి గుర్తు. చెంతనే తుపాకి చేసినవాని పేరును, సంవత్సరమును. సరకుల మూటలమీద వేసెడి గుర్తునే ఆ వర్తకులు తుపాకులమీదను వేసిరి; వారికి రెండును సరకులే గదా. సింహపు ముద్ర వచ్చినది 1808లో. హైదరు చనిపోయి అప్పటికి ఇరువదియాఱేండ్లు. టిప్పు శ్రీరంగపట్టణపు కోటవాకిట కూలి తొమ్మిదేండ్లు. కావలసినంత ప్రీతితో జూచినను, ఈ పిస్తోలు హైదరు చేతినుండి వచ్చుటకు కాలమొప్పుకొనదు.

మైసూరు కార్ఖానాలలో జేసిన ఆయుధముల తీరు వేఱు. టిప్పు కాలపు మేలైన తుపాకులమీదను పిస్తోళ్ళమీదను పులిచారలు, పులితలలు, పారసీ అక్షరములు గానవచ్చును. సంవత్సరమును గూడ ఆతడు నెలకొల్పిన మౌలూదీ శకమున వేయించెను. ఆ శకపు అంకెలు కుడినుండి యెడమకు చదువవలసినవి. ఈ సంగతి తెలియని దొంగపనివాడు అంకెలను మామూలు తీరున చెక్కి పట్టుబడుట కలదు. సదుము పిస్తోలుమీద పులియు లేదు, పారసీయు లేదు. వ్యాపారి మాత్రము "బాగా తోమించినచో అక్షరములు బయట పడును" అని యింటివారికి చెప్పియుండెను. బయటపడుట యనగా నేమో అతనికే తెలియవలెను!

ఇక రెండవ ప్రశ్న. కుంఫిణీ పిస్తోలే యనుకొందము, అదియైనను నిజమైనదా? ఆంగ్లేయుల సైనిక పిస్తోళ్ళకు నకలులు మన దేశమందే విరివిగ తయారైనవి. కిరీటమును, లండను కోట పేరైన 'టవరు' అను మాటను వంకరగ గొట్టి, పాతదని యాత్రికులకు అమ్మిన సరకు లెక్కకు మిక్కిలి. ఒకదాని గొట్టమును మఱొకదాని పిడికి తగిలించిన అతుకులబొంతలును గలవు. ఉప్పునీట నానవేసియో, ద్రావకము పూసియో, మట్టిలో పాతియో త్రుప్పు తెప్పింపవచ్చును. అయితే దొంగత్రుప్పు అంతటను ఒక్కతీరుగ నుండును; నిజమైన అరుగుదల చేయి తగిలినచోట వేఱు, తగులనిచోట వేఱు. నిజముగ కాల్చిన ఆయుధమునకు రంజకపు గిన్నె చుట్టును, చెవిరంధ్రము కడను మంటకు తిన్న గుంటలుండును. ముద్రను త్రుప్పు పట్టిన పిమ్మట చెక్కియున్నచో, గీత ఆ గుంటలను కోసికొనిపోయి అంచు పదునుగ నుండును. పూర్వమే చెక్కినదైనచో పలకతో బాటు ముద్రయు అరిగి, గుంటలు గీతలోనికిని దిగియుండును. సదుము పిస్తోలుమీది సింహపు జూలు సగము చెరిగి, పలకతో సమముగ అరిగి, దాని కాలిలో ఒక త్రుప్పుగుంట దిగియున్నది. రంజకపు గిన్నెచుట్టును మంట తిన్న గుర్తులు గలవు. కొయ్య యెండి ముడుచుకొనినచోట ఇత్తడి తొడుగు అంచు వెండ్రుకవాసి పైకి లేచినది. మరచీలలను విప్పి పలక లోపలివైపు చూచినచో పనివారి ఆకురాతి గీతలును, జతపఱచు గుర్తులును కనబడును. కాని ఆ పని నిపుణునిది. చేతనైనదని చేయబోయి మరచీల తలలు చెడగొట్టినవారిని మేమెఱుగుదుము గనుక దానిని ముట్టలేదు. కనబడినంతలో ఇది నకలు గాదనియు, పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగమున రౌతులకు జేసిన కుంఫిణీ పిస్తోలనియు మా యభిప్రాయము.

ఈ మాట చెప్పినపుడు ఆ వసారాలో నలుముకొనిన నిశ్శబ్దమును మేమింకను మఱవలేదు. వృద్ధులు కొంత తడవు మీసము దువ్వుకొని, "అయితే మా పెద్దాయన తెల్లోళ్ళ కొలువులో ఉండినాడా సామీ?" అని యడిగిరి. పిస్తోలు ధర తగ్గినదని వారికి దిగులు గాదు. నూఱేండ్లకు పైగా ఆ యింటి పిల్లలకు చెప్పిన కథ యొక్కటి తమ చేతిలో విరిగిపోవుచున్నదని దిగులు.

జాతీయ పత్రికలమైన మాకును ఆ ప్రశ్న సుఖమైనది గాదు. హైదరు పక్షమున పోరిన తెలుగు బంటును గూర్చి వ్రాయుటకు మా కలము పరుగిడును. కుంఫిణీ గుఱ్ఱపు దళమున చేరిన తెలుగు రౌతును గూర్చి వ్రాయవలసివచ్చినపుడు సిరా ఎండును. కాని సత్యమేమి? ఉత్తరదేశమున కుంఫిణీ సిపాయికి 'తిలంగా' అని పేరు వచ్చినది. మన జాతిపేరే వారి కొలువుపేరైనది! ఇంగ్లండునుండి వచ్చిన తెల్లవారి సంఖ్యతోనే యీ దేశము జయింపబడలేదు. మన చేతులతోనే మన దుర్గములు కూల్పబడినవి. ఆ చేతులు కూటికై పోయిన చేతులు. పాలెములు పోయి, మాన్యములు తగ్గి, కత్తి తప్ప వేఱు విద్య యెఱుగని వంశములకు మిగిలిన దారులలో ఆ కొలువొకటి. 1801లో కర్ణాటక రాజ్యము కుంఫిణీ చేతిలోనికి వచ్చిన పిమ్మట చిత్తూరు పాలెగాండ్రు తిరుగబడి అణచబడిరి. వారి బంట్లు ఏమి తిని బ్రతుకవలెను? ఆ కొలువులోనివారే 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో తెల్లదొరలపై తుపాకులు త్రిప్పిరి. కుంఫిణీ పిస్తోలు పట్టినవాడెల్ల ద్రోహియనుట ఎంత తప్పో, మన యింటి పిస్తోలు కుంఫిణీది కానేరదని మొండికెత్తుటయు అంతే తప్పు.

అదియుగాక, ఆ పిస్తోలు ఆ యింటికి కొలువు ద్వారముననే వచ్చెనని యెవరు చెప్పగలరు? కుంఫిణీ రౌతును పడగొట్టి లాగికొనినదై యుండవచ్చును. పాతబడినదని దండువారు అమ్మివేసినపుడు సంతలో కొన్నదై యుండవచ్చును. ఆయుధము తన వయస్సును చెప్పును. తన జన్మస్థానమును చెప్పును. తన్ను పట్టిన చేయి యెవరిదో మాత్రము చెప్పదు. దానిని చెప్పవలసినది కాగితము.

కాగితపు బలమెంతటిదో రెండుదాహరణములు చాలును. 1928 డిసెంబరు 17వ తేదీన లాహోరులో సాండర్సు హత్యయందు భగత్‌సింగు వాడిన కోల్టు పిస్తోలు ఏమైనదో చాలకాలము లోకమునకు దెలియలేదు. అది ఇందూరులోని సరిహద్దు భద్రతాదళపు ఆయుధ ప్రదర్శనశాలలో, నల్లరంగు పూసికొని, తక్కిన పిస్తోళ్ళ నడుమ అనామకముగ పడియున్నది. 2016లో రంగు గీకి చూడగా 168896 అను సంఖ్య బయటపడినది. ఆ సంఖ్యయే లాహోరు కేసు దస్త్రములలోను గలదు. ఇనుముమీది యంకెయు కాగితముమీది యంకెయు కలిసినవి, వివాదము తీఱినది. ఆ పిస్తోలు నిప్పుడు చూడవచ్చినవాడు కథను గాదు, సాక్ష్యమును జూచుచున్నాడు.

ఇక మన అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులను దోచినపుడు, ఏమేమి పట్టుకొనిపోవుచున్నాడో ఆ ఠాణా దస్త్రములలోనే వ్రాసి సంతకము చేసిపోయెను. దొరతనమును ధిక్కరించిన వీరుడు గూడ లెక్కను ధిక్కరింపలేదు! ఆ మన్యపు తుపాకి యొకటి రేపు బయటపడినచో పోల్చి చూచుటకు ఆతని వ్రాతయే ఆధారము.

సదుము గృహస్థుల యొద్ద అట్టి కాగిత మేమియు లేదు. లేనంత మాత్రమున వెదకరాదని గాదు. వారి భూములలో కొంత పూర్వము కట్టుబడి మాన్యమట. కట్టుబడి యనగా పాలెగానికి ఆయుధసేవ జేయు బంట్లకిచ్చిన నేల. 1858లో నేర్పడిన ఇనాము కమిషనువారు ప్రతి మాన్యమునకును ఎవరిచ్చిరి, ఏ సేవకిచ్చిరి, ఎవరనుభవించుచున్నారు అని విచారించి పట్టీలు వ్రాసిరి. మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయత్తులలో గ్రామముల పూర్వచరిత్ర గలదు. పిస్తోలు హైదరుది కాకున్నను, ఆ వంశపు పూర్వుడు పాలెగాని బంటని ఇనాము పట్టీలో దొరకినచో, ఆ యింటి గౌరవమునకు అంతకన్న గట్టి పునాది యేమి కావలెను? హైదరు పేరు వ్యాపారి అరువిచ్చిన నగ. ఇనాము పట్టీలోని పేరు వారి సొంత సొమ్ము.

ధర మాటయు దాచనక్కఱలేదు. 2023 మే నెలలో లండను వేలములో టిప్పు శయనాగారపు కత్తి ఒక కోటి నలువది లక్షల పౌనులకు పైగా పలికినది. ఇట్టి వార్తలు మన గ్రామములకు చేరినపుడు ప్రతి పాత యినుమును కోటి రూపాయలుగ కనబడుట సహజమే. కాని ఆ ధర ఉక్కునకు గాదు. శ్రీరంగపట్టణము పడిన పిమ్మట దానిని సేనాధిపతి బెయిర్డున కిచ్చినట్లు కత్తిమీదనే వ్రాత గలదు. చేతినుండి చేతికి మాఱిన వరుస తెలియును. ఆ వరుసకు వచ్చిన ధర యది. వరుస తెలియని కుంఫిణీ పిస్తోలు సీమ వేలములలో సామాన్యముగ వందల పౌనులలోనే పోవును. మిక్కిలి బాగుగ నున్నచో వేలలోనికి వచ్చును. హైదరు పేరిట పదింతలిచ్చెదనను వ్యాపారి అంతకు పదింతలు ఇంకొకనియొద్ద గుంజ దలచినాడని గ్రహించుటకు గణితశాస్త్ర మక్కఱలేదు. మోసము బయటపడిన నాడు అతడు చూపునది సంతకము చేసినవారి కాగితమును, అమ్మినవారి పేరును.

మదనపల్లె సంతలో టమాటా ధర ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి. పాతవస్తువుల విషయమున అట్టి తొందర పనికిరాదు. ముఖ్యముగ తోముట మానవలెను. చింతపండు వేసి ఇత్తడి చెంబును తళతళలాడించినట్లు పిస్తోలును తోమినచో, నూఱేండ్ల చిలుముతో బాటు ముద్రయు పోవును. గరుకు కాగితముతో రుద్దిన ఆయుధమునకు సగము విలువ ఆనాడే పోయినట్లు నిపుణులు లెక్కింతురు. భక్తితో నూనె పులిమి కొయ్యను నానబెట్టువారును గలరు. పూజ చేయుదురు గాక. పసుపు కుంకుమలను గుడ్డమీద నుంచి, ఇనుమును విడిచిపెట్టుడని మా ప్రార్థన.

చట్టము సంగతియు చెప్పవలసియున్నది. మన పల్లెలలో పాత ఆయుధమనగనే భయము. ఆ భయమునకు పుట్టినయేడు 1878. లిట్టను ప్రభువు దొరతనమున ఆ యొక్క సంవత్సరముననే దేశభాషా పత్రికల నోరు నొక్కు శాసనమును, లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధము పట్టరాదను శాసనమును, భూమిలో దొరకిన నిక్షేపములను గూర్చిన శాసనమును బయలువెడలినవి. నోటిని, చేతిని, నేలను ఒక్కయేట కట్టివేసిరి! 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడిన ఆయుధధారణ హక్కును చేర్చుటకు కారణము ఆ యవమానమే. సదుము పిస్తోలు మిద్దె దంతెల నడుమకు చేరినదియు ఆ దినములలోనే యని మా యూహ. స్వతంత్ర భారతమున 1959లో జేసిన ఆయుధచట్టము బాగుచేసినను కాల్చుటకు పనికిరాని పురాతనాయుధములకు మినహాయింపు నిచ్చినది. మన పిస్తోలు పని యింకను చెడలేదు గనుక, దాని స్థితినిబట్టి లైసెన్సు కావలయునో లేదో అధికారులనడిగి తేల్చుకొనవలెను. నూఱేండ్లు దాటిన కళావస్తువులను, పురావస్తువులను ప్రైవేటువారు దేశము దాటించుట 1972 నాటి శాసనము ప్రకారము నిషిద్ధము. ఇట్టివాని వ్యాపారమునకును లైసెన్సు కావలెను. మీకు లైసెన్సు గలదా యని అడిగిన క్షణమున వ్యాపారి ముఖము చూచినచో చాల సంగతులు తెలియగలవు.

అయితే ఇన్ని జాగ్రత్తలు చెప్పి, చూపించుకొనుటకు చోటు చూపకుండుట న్యాయమా? చంద్రగిరి రాజమహలులో పురావస్తు ప్రదర్శనశాల గలదు. చెన్నపట్టణపు ఎగ్మూరులోను, హైదరాబాదు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోను పాత ఆయుధములు గలవు. కాని సదుము రైతు తన యింటి పిస్తోలును సంచిలో వేసికొని బస్సెక్కి హైదరాబాదు పోవునా? నడుమ ఏ పోలీసు ఠాణాలోనో ఆ రాత్రి గడపవలసివచ్చును! పశువైద్యుడు గ్రామమునకు వచ్చుచున్నాడు. భూసారము చూచువాడు వచ్చుచున్నాడు. ఏడాదికొకమారైన ప్రదర్శనశాల నిపుణుడు మండలమునకు వచ్చి, ఇండ్లలోని తాటాకు ప్రతులను, నాణెములను, ఆయుధములను చూచి, ఫోటో తీసి, ఉచితముగ ఒక వ్రాత యిచ్చిపోవునట్లు ప్రభుత్వ మేర్పాటు చేయరాదా? వస్తువును లాగికొనిపోదురను భయము ప్రజలకు కలుగకుండుటయే ఇందలి ముఖ్యమైన షరతు. ఆ నిపుణుడు రాకున్న ఊరికి వ్యాపారి తప్పక వచ్చును. ఇప్పటికే వచ్చుచున్నాడు.

మేము తుదకు కాగితము వ్రాసియిచ్చితిమి. అది వ్యాపారి కోరినది గాదు. పిస్తోలు పొడవు, గొట్టపు వెడల్పు, సింహపు ముద్ర, కీలుకడ్డీ, ఇత్తడి తొడుగు లేచినచోటు, అన్నియు వ్రాసితిమి. 1808కి పూర్వపుది కానేరదని వ్రాసితిమి. అటుపిమ్మట వృద్ధులు చెప్పిన హైదరు కథను వారి మాటలలోనే, వారు చెప్పినట్లుగనే, తేదీవేసి వ్రాసితిమి. అబద్ధమని తేలిన కథను వ్రాయుటయేల యని వారి కుమారుడు కొంచెము కటువుగనే యడిగెను. హైదరు పోయిన తరువాత ఇన్ని తరములు సదుములో నొక కుటుంబము ఆతని పేరు చెప్పికొనుటలో గౌరవము చూచుకొన్నదనుట అబద్ధము గాదు గదా యని చెప్పితిమి. అతనికి తృప్తి కలిగినట్లు తోచలేదు. బోరుబావికి మా చరిత్రజ్ఞానము నీరు తేలేదు గనుక, ఆతని కోపము న్యాయమే.

వృద్ధులు కాగితమును నాలుగు మడతలు పెట్టి, పిస్తోలుతో బాటు ఆ యెఱ్ఱగుడ్డలోనే చుట్టిరి. వ్యాపారి మరల సోమవారమునాడు వచ్చెదనని చెప్పిపోయినాడట. వచ్చినాడో లేదో మాకింకను తెలియరాలేదు.